గ్రహభక్షకులు గెలాక్టస్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గెలాక్టస్ గారికి,

నమస్కారములు. ఉత్తరాన్ని ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం మా మర్యాద. అయితే తమరు కుశలంగా ఉండాలంటే ఎక్కడో ఒక గ్రహం కుశలంగా ఉండకూడదు కనుక, ఈసారికి ఆ మాటను మినహాయిస్తున్నాను.

నలుగురు వీరుల కథలు చెప్పే మార్వెల్ వారి కామిక్ పుస్తకం ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 1966 మార్చి నాటి 48వ సంచికలో, రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీల చలవ వల్ల, తమరు న్యూయార్కు మీద తొలిసారి దిగారు. ఈ విశ్వం పుట్టక ముందున్న మరో విశ్వంలో, తా అనే గ్రహం మీద గాలన్ అనే పేరుతో జీవించి, అది నశించినా మిగిలిన ఒకే ఒక ప్రాణి తమరని తర్వాతి కథలు చెప్పాయి. అంత పురాతనులు రొమ్ము మీద ‘జి’ అనే ఇంగ్లీషు అక్షరం ఎందుకు వేసుకుని వచ్చారని నేను అడగను. సృష్టికి పూర్వం కూడా ఇంగ్లీషు మీడియమే నడిచిందేమో!

ఆకలి రుచి ఎరుగదంటారు కాబట్టి, ఏ గ్రహం దొరికితే ఆ గ్రహాన్ని తినడం మీద కూడా నాకు పెద్ద పేచీ లేదు. ఆ ఆకలికి తమరు తొడిగిన తత్త్వం మీదే నా ఫిర్యాదంతా. మంచిచెడులు తమకు వర్తించవనీ, మనిషి చీమ మీద కాలు వేసినట్టే తమరు గ్రహం మీద కాలు వేస్తారనీ తమ పక్షాన చాలాకాలంగా వాదిస్తున్నారు. మా భారతంలో ఏకచక్రపురం పక్కన కాపురమున్న బకాసురుడు కూడా బండెడు అన్నాన్ని, రెండు దున్నలను, వాటిని తోలుకొచ్చిన మనిషిని వరసపెట్టి తిన్నవాడే. కానీ తాను ధర్మాధర్మాలకు అతీతుడినని వాడు ఏనాడూ అనుకోలేదు. భీముడు వాణ్ణి చంపిన తర్వాత, వాడు సృష్టికి అత్యవసరమని తేల్చడానికి ఏ సభా కూర్చోలేదు.

తమ దూతల సంగతి మరీ విడ్డూరం. కర్బీ గీసిచ్చిన పుటల్లో పలక మీద ఎగురుతున్న వెండి మనిషిని చూసి లీ ఆశ్చర్యపోయారనీ, ఇంతటివాడికి ముందు నడిచే దూత ఒకడు ఉండాలి కదా అని కర్బీ బదులిచ్చారనీ చెబుతారు. ఆ దూత నారిన్ రాడ్. తన జెన్-లా గ్రహాన్ని తమరు వదిలిపెట్టడం కోసం ఈ కొలువులో చేరి సిల్వర్ సర్ఫర్ అయినవాడు. తినవలసిన గ్రహాన్ని వెతికి చూపించే పాపమంతా అతడిది, తిన్న తృప్తి మాత్రం తమది. చూపులేని శిల్పి అలీషియా మాస్టర్స్ మాటలకు మనసు కరిగి అతడు ఎదురుతిరిగాడు. ఆ నలుగురు వీరుల్లో ఒకడైన జానీ స్టార్మ్ తమ ఓడలోంచే తెచ్చిన ‘అల్టిమేట్ నల్లిఫయర్’ అనే ఆయుధాన్ని వారి నాయకుడు రీడ్ రిచర్డ్స్ చేతపట్టి నిలబడ్డాడు. తమరు భూమిని వదిలేస్తానని మాట ఇచ్చి, పోతూ పోతూ ఆ సేవకుణ్ణి మాత్రం ఈ భూమి దాటకుండా బంధించి పోయారు. ఆయుధం చూపినవాడికి మర్యాద, మనస్సాక్షి చూపినవాడికి ద్వీపాంతరవాసం! అన్నట్టు, లోకం అంతమయ్యే గండం తప్పిన ఆ 50వ సంచికలోనే, మిగిలిన పుటల్లో జానీ కాలేజీలో చేరడానికి వెళ్లిపోయాడు. ఆ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే.

ఇక న్యాయవిచారణ దగ్గరికి వస్తాను. 1982లో, జాన్ బర్న్ రాసి గీసిన కథలో, తమరు భూమి మీదే నీరసించి ప్రాణాపాయంలో పడితే రీడ్ కాపాడాడు. మరుసటి ఏడాదే తమరు స్క్రల్ అనే గ్రహాంతర జాతి రాజధాని గ్రహాన్ని, దాని రాణితో సహా, ఆరగించారు. దాని మీద జరిగిన విచారణలో, అంటే 262వ సంచికలో, బోనులో నిలబడింది ఎవరయ్యా అంటే రీడ్! తిన్నవారు దర్జాగా వచ్చి పోయారు, తిన్నవారికి ప్రాణం పోసినవాడు ముద్దాయి అయ్యాడు. చివరికి సాక్షాత్తూ విశ్వానికే రూపమైన ‘ఎటర్నిటీ’ సాక్షిగా దిగి, తమరు విశ్వానికి అవసరమనీ, తీసుకున్నదానికి ఎన్నో రెట్లు ఏదో ఒకనాడు తిరిగి ఇస్తారనీ సభకు అర్థమయ్యేలా చేసింది. ఆ నాడు ఏనాడో ఎవరూ అడగలేదు. అడగవలసినవారు అప్పటికే తమ కడుపులో ఉన్నారు.

అంత గంభీరమైన తీర్పు 2015లో మొదలైన మార్వెల్ వారి ‘అల్టిమేట్స్’ ధారావాహికలో ఏమైందో తమకు తెలుసు. కొందరు పూనుకుని తమరిని, తమరు గెలాక్టస్‌గా రూపుదిద్దుకున్న ఇంక్యుబేటర్‌లోకి బలవంతంగా మళ్లీ పంపి, పూర్తికాని పరిణామాన్ని పూర్తి చేయించారు. తమరు బంగారు వన్నెతో బయటికి వచ్చి, అన్నిటికంటే ముందు తిన్న ఆర్కియోపియా గ్రహానికి తిరిగి ప్రాణం పోశారు. అంటే విశ్వధర్మమని, సృష్టి సమతౌల్యమని ఇన్నాళ్లూ మేము తలవంచి విన్నదంతా, నెలలు నిండకుండా బయటపడిన ప్రాణి ఆకలి అన్నమాట! ఆ వైద్యమైనా నిలిచిందా అంటే అదీ లేదు. కొంతకాలానికే పాత ఆకలి, పాత కిరీటం, పాత ఊదారంగు వేషం. ప్రాణదాతగా ఉంటే పుస్తకాలు అమ్ముడుపోవని ఎవరైనా తమ చెవిన వేశారా? 2007 నాటి సినిమా తమరిని ఉత్త మేఘంగా చూపించినప్పుడు నొచ్చుకున్న అభిమానులు, 2025లో కిరీటంతో సహా నిండైన రూపం తెరమీద చూసి సంబరపడ్డారు. ఆ సినిమాలో తమరు గ్రహాన్ని వదిలిపెట్టాలంటే పసిబిడ్డను ఇమ్మన్నారు.

అందుచేత ఆ విచారణను మళ్లీ జరిపించాలనీ, ఈసారి రీడ్‌ను సాక్షుల వరుసలో కూర్చోబెట్టి ముద్దాయిగా తమరే నిలబడాలనీ మనవి చేసుకుంటున్నాను. మార్వెల్ వారి అధికారిక పరిచయ గ్రంథం తమ ఎత్తును 28 అడుగుల 9 అంగుళాలుగా నమోదు చేసింది కనుక బోను ఆ కొలతకే కట్టించవచ్చు. ఒక్కో జాతికి తమరు ఒక్కో రూపంలో కనిపిస్తారని ఆ 262వ సంచికే చెప్పింది కాబట్టి, తక్కిన గ్రహాల వడ్రంగులు తమ తమ కొలతలు వేరుగా తెచ్చుకోవలసి ఉంటుంది.

ఇట్లు,
ఇంకా తినబడని గ్రహవాసి