చర్చి బెంచీగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ విక్టోరియా కాలపు పిచ్ పైన్ కలప బెంచీగారి సముఖమునకు,

నమస్కారాలు. మొన్న శనివారం మధ్యాహ్నమంతా తమ మీదే కూర్చుని, తమరిని కదిలించాలా వద్దా అని చర్చించిన ఇంగ్లండులోని లాంకషైర్ ప్యారిష్ (స్థానిక చర్చి సంఘం) సభ్యులలో నేనూ ఒకడిని. వెనక నాలుగు వరుసలు తీసేసి, పసిపిల్లల తల్లులకూ టీ బల్లకూ క్రిస్మస్ నాటికి చోటు చూపిస్తామని కిందటి ఏడు అందరి ముందూ ఇచ్చిన మాట, చీకటి పడే వేళకు, తమ చారిత్రక ప్రాముఖ్యంపై మరొక నివేదిక తెప్పించుకోవాలన్న తీర్మానంగా రూపుమారింది. విజేతలైన తమకు అభినందనలు. మాకు మిగిలినది నడుం నొప్పి.

తమ పక్షాన మాట్లాడినవారంతా తమరు సృష్టి ఆరంభం నుంచీ అక్కడే ఉన్నట్టు మాట్లాడారు. తమ జాతి ఇంగ్లండు చర్చిలలోకి ఎలా ప్రవేశించిందో ఎవరూ ప్రస్తావించలేదు కనుక ఆ పని నేను చేస్తాను. తమకు ముందు ఆ స్థానంలో ఉన్నవి తలుపులూ గొళ్ళాలూ గల పెట్టె సీట్లు. జమీందారు కుటుంబాలు కొన్నింటిలో పొయ్యి కూడా పెట్టించుకుని, ప్రసంగం వింటూ చలి కాచుకునేవి. 1839లో కేంబ్రిడ్జి విద్యార్థులు పెట్టుకున్న క్యామ్డెన్ సొసైటీ వాటిపై పగబట్టి, అవి అహంకారానికి ఆనవాళ్ళని ఊరూరా ప్రచారం చేసి, వందల ఏళ్ళ నాటి కొయ్యపని అన్న జాలి కూడా లేకుండా పెరికివేయించిన తర్వాతనే, ధనికుడూ పేదవాడూ ఒకే వరుసలో కూర్చునే తెరిచిన బెంచీగా తమరు రంగప్రవేశం చేశారు. పాతవాటిని తొలగించే ఉద్యమంలో పుట్టినవారు ఇప్పుడు తమను తాకడమే అపచారమంటున్నారు!

పోనీ, ఆ సమానత్వమైనా పూర్తిగా పాటించారా? తమ చివరి పలకకు బిగించిన ఇత్తడి చట్రం దేనికో, దాని కింద ఎనామెల్ అంకె దేనికో తమరే సెలవివ్వాలి. ఆ చట్రంలో అద్దె కట్టిన కుటుంబం పేరున్న చీటీ ఉండేది. అద్దె కట్టలేని మిల్లు కూలీలు స్తంభాల వెనకా, గాలి కొట్టే తలుపు పక్కనా ఉచిత సీట్లలో సర్దుకునేవారు. 1851 మార్చి 30న, ఒక ఆదివారం, ఇంగ్లండు, వేల్సులలో ఆరాధనకు ఎందరు వచ్చారో ప్రభుత్వం లెక్కించింది. రాగలిగీ రానివారు యాభై లక్షల పైమాటేనని తేల్చిన, ఆ లెక్కల నివేదిక రాసిన హోరేస్ మాన్, శ్రామికులు చర్చికి దూరం కావడానికి చెప్పిన కారణాలలో ఈ సీట్ల తారతమ్యం ఒకటి. జనాన్ని బయటికి పంపడంలో తమ అనుభవం అప్పటిదన్నమాట.

ఆ రోజుల్లోనే ఇలాంటి చర్చిల సండే స్కూలు పిల్లలు మిషను డబ్బాలలో పెన్నీలు వేసేవారు. అలా కూడిన సొమ్ముతో చర్చి మిషనరీ సొసైటీ పంపగా రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం చేరి, 1843లో బడి తెరిచారు. మా కుటుంబంలో మొదటగా ఇంగ్లీషు చదివినవారు అక్కడే చదివారు. ఆ పెన్నీలకు నేను నిజంగానే ఋణపడి ఉన్నాను. వాటితోపాటు తమరిని కూడా ఓడ ఎక్కించనందుకు మరింత ఋణపడి ఉన్నాను, ఎందుకంటే మా కృష్ణా జిల్లా పల్లె చర్చిలో ఇప్పటికీ చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటారు, ఆరాధన ముగిశాక చాపలు చుట్టేస్తే క్రిస్మస్ నాటకానికి చోటు సిద్ధమవుతుంది, దానికి ఏ న్యాయమూర్తి సంతకమూ అక్కరలేదు.

ఇక్కడ అక్కర ఉంది. తమలో ఒక్కరిని జరపాలన్నా డయాసిస్ (బిషప్‌గారి పరిధి) న్యాయస్థానంలో న్యాయమూర్తి అయిన ఛాన్సలరుగారు ఫ్యాకల్టీ అనే అనుమతి ఇవ్వాలి. అంతకుముందు డయాసిస్ సలహా సంఘం చూడాలి, విక్టోరియా కాలపు కట్టడాల రక్షణకు పాటుపడే విక్టోరియన్ సొసైటీని అడగాలి, తలుపుకు నోటీసు అంటించి అభ్యంతరాల కోసం ఎదురుచూడాలి. ఆ సొసైటీ మీద నాకు కోపం లేదు: లండను రైల్వే స్టేషను ముందరి ఘనమైన యూస్టన్ ఆర్చిని కూలగొట్టిన దేశంలో ఎవరో ఒకరు కేకలు వేయవలసిందే. మార్పు వల్ల కట్టడం విశిష్టతకు హాని కలుగుతుందా, ఎంత హాని, అందుకు తగిన సమర్థన ఉందా అని 2012లో డఫీల్డ్ చర్చి కేసులో పై న్యాయస్థానం కూర్చిన ప్రశ్నలు కూడా సబబైనవే. మరి మా సభలో సమర్థన ఏమిటని అడిగినప్పుడు, చక్రాల కుర్చీలో వచ్చే ఆ పెద్దావిడ ప్రతి ఆదివారం నడవ మధ్యలో, అందరి దారికీ అడ్డంగా కూర్చుని, పక్క నుంచి ఒదిగి వెళ్ళే ప్రతివారికీ క్షమాపణ చెప్పుకోవలసి వస్తోందన్న సంగతి ఎందుకు సరిపోలేదు? ఎనభై ఏళ్ళ మనిషి ఎవరికి ఏం అపకారం చేసిందని క్షమాపణ? నువ్వు కదలవు కనుక! చెక్కవి నువ్వు, నీకు పట్టదు. నీ వార్నిషుకు గీత పడుతుందేమోనని నాలుగు గంటలు కంగారుపడినవారికి ఆమె మాట ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మన్నించండి, తమరితో అలా మాట్లాడవలసినది కాదు. చర్చి గబ్బిలాల మీద ఇలా నోరు జారితే, వాటికి రక్షణగా 1981 నాటి చట్టం ఉంది. కప్పు మీది సీసపు రేకులను ఎత్తుకుపోయేవారి గురించీ, విరాళాల బోర్డు మీద సగంలో ఆగిపోయిన ఎర్ర గీత గురించీ, ఆరాధన ముగిసే వేళకు వెచ్చబడే గొట్టాల గురించీ రాయడానికి వేరే కాగితం కావాలి.

తమ మంచితనం కూడా చెప్పకపోతే అన్యాయం. గురువారాలు ఫుడ్ బ్యాంకు సరుకులు వచ్చినప్పుడు బీన్స్ డబ్బాలూ, పాస్తా పొట్లాలూ, పిల్లల డైపర్లూ తమ మీదే వరుసగా పేరుస్తాం; ఒక్కటీ దొర్లిపడదు. పాత బట్టల అమ్మకం రోజున కోట్లన్నీ తమ వీపు మీదే వేలాడతాయి. ఎటొచ్చీ మనుషులు కూర్చోవడానికే తమరు పనికిరారు.

కనుక నా విన్నపం చిన్నది. ముందు వరుసలన్నీ తమవే. చెక్కిన పలకలు, గొడుగు పెట్టుకునే కొక్కేలు, వాటి కింద ఇనుప గిన్నెలతో సహా ప్రళయం దాకా ఏలుకోండి. వెనక నాలుగు వరుసలు మాత్రం ఖాళీ చేయండి. నివేదికకు అయ్యే ఖర్చు అద్దె బకాయిగా తమ నుంచి రాబట్టుకునే వీలుందేమో ఛాన్సలరుగారిని విడిగా అడుగుతున్నాను.

ఇట్లు,
స్తంభం వెనక ఉచిత సీటులో కూర్చునే,
తమ విధేయుడు