పచ్చ పళ్లన్నీ నీళ్ల వల్లే కాదు

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, రాజురా, సిరొంచ వైపు బడిలో ఏ పిల్లాడి పళ్లు పచ్చగా కనిపించినా పెద్దవాళ్ల నోట వచ్చేవి రెండే మాటలు. బోరు నీళ్లు, లేదంటే పొగాకు, వక్క కలిపి నమిలే ఖర్రా. ఊరికే అనే మాటలు కావవి. చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల్లో చాలాచోట్ల భూగర్భ జలాల్లో, ఎక్కువైతే పళ్లని పాడుచేసే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. ఖర్రా సంగతి సరేసరి. కానీ ఈ రెండూ కారణం కాని పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లని ఎవరూ పట్టించుకోవడం లేదన్నదే మా బాధ.

పంటి మీది గట్టి పొర, అంటే ఎనామిల్, తయారయ్యేది పన్ను ఇంకా చిగురు లోపల ఉన్నప్పుడే. ఆ పని చేసే కణాలు పన్ను బయటికొచ్చేసరికి పోతాయి, అందుకే పోయిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. ఈ తయారీకి కావాల్సిన ప్రొటీన్లలో ఎనామెలిన్ ఒకటి. దాన్ని తయారుచేయించే ఎనామ్ అనే జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో తప్పుంటే ఎనామిల్ సరిగా తయారుకాదని 2001లో బయటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, అందరికీ ఈ జన్యువు రెండు ప్రతులు వస్తాయి. కొన్ని రకాల్లో ఒక్క ప్రతే చెడితే పళ్ల మీద గోటికి తగిలే చిన్న గుంటలు మాత్రమే ఉంటాయి, ఆ మనిషి దాన్ని గమనించకుండానే జీవితం గడిపేయొచ్చు. రెండూ చెడితే మాత్రం ఎనామిల్ బాగా పలచబడి పళ్లన్నీ చిన్నగా, పచ్చగా, ఎడంఎడంగా వస్తాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటాయి. మేనరికం చేసుకున్న ఇళ్లలో ఒకే తాత నుంచి వచ్చిన తప్పు భార్యాభర్తలిద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ, అలా ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, డాక్టరు అడిగినప్పుడు దాచొద్దని చెబుతున్నాం.

ఎనామ్ ఒక్కటే కాదు, ఇంకా చాలా జన్యువుల్లో తప్పు వల్ల ఇలా జరుగుతుంది. అన్నిటినీ కలిపి అమెలోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అంటారు.

తేడా పట్టుకోవడానికి మొదట పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఫ్లోరైడ్ మచ్చలు ఎక్కువగా కనిపించేది శాశ్వత పళ్ల మీద, అదే నీళ్లు తాగిన పక్కింటి పిల్లలకీ ఉంటాయి. జన్యువు తప్పయితే చాలావరకు పాలపళ్లు కూడా అలాగే వస్తాయి, పక్కింట్లో ఉండదు గానీ అన్నకో, మేనత్తకో ఉంటుంది. పాలపళ్లు ఎలా ఉండేవి, ఇంకెవరికి ఇలా ఉంది అనే ఈ రెండు ప్రశ్నలు అడక్కుండానే ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ జబ్బు, అని రాసి పంపేస్తే, ఆ ఇంటివాళ్లు అప్పు చేసి ఆర్వో మిషన్ కొంటారు, పళ్లు మాత్రం అరుగుతూనే ఉంటాయి. ఆడపిల్లయితే నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంటుంది. తోముకోవడం లేదని టీచరు చేత తిట్లు వేరే.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడుల్లో పిల్లల్ని చూస్తున్నారు, పళ్ల జబ్బులు కూడా అందులో ఉన్నాయి. ఆ టీములు ఈ రెండు ప్రశ్నలూ అడగాలి. అనుమానం ఉన్నవాళ్లని నాగపూర్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పంపాలి, సిరొంచ నుంచి వెళ్లే కూలి కుటుంబానికి ప్రయాణ ఖర్చులూ ఇవ్వాలి. చిన్నప్పుడే దవడ పళ్లకి స్టీలు తొడుగులు వేస్తే అరుగుదల ఆగుతుంది, అన్నం నమలగలుగుతారు. డాక్టరు చీటీలో ఏం రాశారో మరాఠీ రాని తల్లికి తెలుగులో చెప్పే మనిషి కూడా ఆ టీములో ఉండాలి.