బాబాయి పోయాక మిగిలిన నాలుగు హార్డ్ డిస్కులు

మా బాబాయి పోయి ఏడాది అవుతోంది. చిక్కడపల్లి ఇంట్లో పెద్దకర్మ అయిన మర్నాడు పిన్ని బీరువా తీసి నాలుగు హార్డ్ డిస్కులు, బిస్కెట్ డబ్బా నిండా నెగిటివ్‌లు తెచ్చి నా ముందు పెట్టి "వీటినేం చెయ్యాల్రా" అంది. బాబాయిది బ్యాంకు ఉద్యోగం, ఆదివారమైతే కెమెరా భుజానేసుకుని గోల్కొండ, పాతబస్తీ, ట్యాంక్‌బండ్. ఒక్క ఫొటో అమ్మింది లేదు.

చట్టమైతే ఫొటోకి బానే మర్యాద ఇస్తుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, బతికుండగా పబ్లిష్ చేసిన ఫొటో మీద హక్కు తీసినాయన పోయాక ఇంకో 60 ఏళ్లుంటుంది. బాబాయి పబ్లిష్ చేసిందే లేదు, అది సరే, హక్కుల సంగతి తర్వాత, మాకు ఆయన ఫోన్ లాకే తెలీదు! గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచీ ఉంది, మనం పెట్టిన గడువు దాకా అకౌంట్ కదలకపోతే మనం చెప్పినవాళ్లకి డేటా ఇస్తుంది, ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ (మనం పోయాక మన డేటా చూడ్డానికి ముందే పేరిచ్చే మనిషి) ఉంది, కానీ పెట్టుకునేదెవరు, ఆ మాటెత్తితేనే ఇంట్లో "శుభమా అని ఈ మాటలేంటి" అంటారు. రెండేళ్లు ఎవరూ తెరవకపోతే గూగుల్ అకౌంట్‌నే తీసెయ్యొచ్చు.

సికింద్రాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు ప్లేట్లు (అప్పటి నెగిటివ్‌లు) 2,857 దాకా 1989లో ఢిల్లీ ఇందిరాగాంధీ కళాకేంద్రానికి చేరాయి. ఆరో నిజాం కొలువులో పనిచేసిన మనిషి, పెద్ద పేరు, నడిచే వ్యాపారం, అందుకని నిలిచాయి. సరదాకి తీసేవాళ్లకి అవేవీ ఉండవు. షికాగోలో ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ ఫొటోలు 2007లో గోడౌన్ అద్దె కట్టక వేలంలో పోతే, కొన్నవాళ్ల పుణ్యాన లోకానికి తెలిశాయి. అది లాటరీ. మన దగ్గరైతే పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో కెమెరా ఒక్కటే అమ్ముడుపోతుంది.

నన్నడిగితే అసలు గొడవ స్టోరేజీ కాదు, ఏరడం. డిస్కుల్లో ఒకే కొంగ 140 సార్లుంది, పెళ్లి ఫొటోల్లో సగంమంది ఎవరో పిన్నికే తెలీదు, ఫైలు పేర్లన్నీ ఐఎంజి అని నంబర్లే. నలభై ఏళ్లు తీసినాయన నాలుగు ఆదివారాలు కూర్చుని ఓ రెండొందలు పక్కన పెట్టి వెనకాల పేర్లు రాసుంటే మాకీ తిప్పలుండేది కాదు. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. వేలల్లో ఏది ముఖ్యమో తేల్చమని మా మీద వదిలేసి పోయాడు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, ఎప్పటికవుతుంది?

డబ్బా అడుగున మాత్రం ఒక కవరు దొరికింది, దాని మీద ఆయన రాత: "ట్యాంక్‌బండ్, బుద్ధుడు రాకముందు." హుస్సేన్‌సాగర్‌లో విగ్రహం నిలబడింది 1992 డిసెంబర్‌లో. అంటే అంతకుముందు తీసిన రీలు, ఫంగస్ పట్టి సగం పోయింది. ముందు దాన్నే స్కాన్ చేయించాం. డిస్కులు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.