విశ్వాసానికీ ఒక కాంటా కావాలి

వరంగల్ జిల్లాలో పత్తి పండించిన రైతు దాన్ని అమ్ముకోవాలంటే మొదట తేమ మీటరు ముందు నిలబడాలి. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర. 12 దాటితే, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ వద్దంటుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాకు కాంటా ఉంది, తూకం వేసే దడువాయి ఉన్నాడు, గిట్టకపోతే అడగడానికి మార్కెట్ కమిటీ ఉంది. ఒక్క క్రైస్తవ విశ్వాసమే ఏ తూకమూ లేకుండా ఇన్నేళ్లుగా చేతులు మారుతోంది. హన్మకొండ నుంచి ములుగు దాకా, పరకాల నుంచి మహబూబాబాద్ దాకా ప్రతి ఆదివారం మనం 'ప్రభువా, మా విశ్వాసాన్ని వృద్ధి చేయి' అని వేడుకుంటున్నాం. వృద్ధి అయిందా? ఎంతైంది? రశీదు ఏది? లెక్కాపత్రం లేని ఈ వ్యవహారాన్ని ఇకనైనా చక్కబెట్టాలని, బాధ్యత గల సంఘ సభ్యుడిగా ఒక కొలతల పట్టిక తయారుచేసి పెద్దల ముందు పెట్టాను.

ఇందులో నా సొంత తెలివి పెద్దగా లేదు. కొలతలన్నీ మన మధ్య అమల్లో ఉన్నవే. నేను కాగితం మీద పెట్టానంతే.

ఉదాహరణకు చప్పుడు. విశ్వాసంలో బలపడిన సంఘాన్ని వెతకడానికి అడ్రసు అక్కర్లేదు, సౌండు బాక్సు ముఖం ఎటుందో చూస్తే చాలు. లోపల కూర్చున్నవాళ్ల వైపు ఉంటే ఇంకా పాలు తాగే దశ. రోడ్డు వైపు తిరిగి ఉంటే బలమైన ఆహారం మొదలైనట్టు. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాలు ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటొద్దన్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు ఆపమన్నాయి. ఈ నియమాల్ని మన పట్టణంలో అన్ని మతాలవాళ్లూ ఒకే తీరుగా పాటిస్తున్నారు కాబట్టి మత సామరస్యానికి వేరే రుజువు అక్కర్లేదు. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని మత్తయి ఆరో అధ్యాయంలో ఉన్నమాట నిజమే. అప్పట్లో యాంప్లిఫయర్లు లేవన్నది మా సౌండు కమిటీ వివరణ. వివరణ బాగానే ఉంది, నేను మార్కులు వేశాను.

తర్వాత సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలును సంఘం ముందు లేచి చెప్పడం. అసలు మీటరు ఇదే. 'రింగు రోడ్డు పక్కన దేవుడు నాకు రెండు వందల గజాల ప్లాటు ఇచ్చిండు' అని ఒకాయన లేస్తే స్తోత్రాలు పైకప్పు దాకా వెళ్తాయి. 'మా పిల్లగానికి అమెరికా వీసా అచ్చింది' అంటే కీబోర్డు పిల్లవాడు అడగకుండానే శ్రుతి పెంచుతాడు. ఆ ఊపులో వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది. 'వందనాలయ్యా. మోకాలు నొస్తనే ఉన్నది. పోయినవారం గూడ గట్లనే నొచ్చింది. అయినా అచ్చిన' అని కూర్చుంది. కీబోర్డు పిల్లవాడు ఏ మెట్టు మీద వేలు పెట్టాలో తెలియక పాస్టరు అయ్యగారి ముఖం చూశాడు. అయ్యగారు పైన ఫ్యాను చూశారు. నా పట్టికలో ఆమెకు ఎన్ని మార్కులు వేయాలన్నది ఇంకా తేలలేదు. ఫలితం కనబడలేదు కాబట్టి సున్నా అని ఒక పెద్దమనిషి, నడిచి వచ్చింది కాబట్టి రవాణా కింద రెండు మార్కులు అని ఇంకో పెద్దమనిషి.

ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. విశ్వాస వీరుల పట్టికగా పేరుపడ్డ హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయాన్ని నమూనాగా తీసుకుందామనుకున్నాను. మొదటి సగం బాగానే నడిచింది. నోవహు ఓడ ఉంది, అది చర ఆస్తి. అబ్రాహాముకు దేశమే ఇస్తానన్నాడు, అది స్థిరాస్తి. తీరా చివరికొచ్చేసరికి 'రాళ్లతో కొట్టబడిరి, రంపములతో కోయబడిరి' అని ఉంది. గొర్రె చర్మాలు, మేక చర్మాలు కప్పుకుని కొండల్లో, గుహల్లో తిరిగారట. పైగా వీళ్లు వాగ్దాన ఫలం అనుభవించకుండానే పోయారని అక్కడే రాసి ఉంది. ఇలాంటివాళ్లను సాక్ష్యానికి నిలబెడితే మైకు ఎవరిస్తారు? డిసెంబర్ 31 రాత్రి మనం పళ్లెంలోంచి, కొత్త ఏడాదికి బైబిలు వాక్యం అచ్చేసిన వాగ్దానపు కార్డు తీస్తాం కదా. నిన్ను హెచ్చిస్తాను, తలగా చేస్తాను, అప్పు ఇచ్చేవాడివే గానీ తీసుకునేవాడివి కావు, ఇలా ఎన్నో వస్తాయి. రంపం కార్డు వచ్చినవాళ్లెవరైనా ఉంటే చేతులెత్తండి. ఉండరు. ప్రింటింగ్ ప్రెస్సువాడికి వేదాంతం బాగా తెలుసు.

పాత సంఘాలవాళ్లకు ఈ పరిజ్ఞానం లేక చాలా నష్టపోయారు. డోర్నకల్ సంగతే చూడండి. తిరునెల్వేలి వైపునుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆయన బాప్తిస్మం పొందినవాళ్లను తల మీద చెయ్యి పెట్టుకుని 'నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ' అని పలకమనేవాడు. పలికినవాళ్లలో ఎక్కువమంది చదువురాని మాల, మాదిగ కూలీలు. ప్లాట్లు లేవు, వీసాలు లేవు. వాళ్ల ఆడవాళ్లు పొయ్యి మీదికి ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి గుడికని పక్కన పెట్టేవాళ్లు. అటు మెదక్‌లో, జనం కరువుతో అల్లాడుతున్న రోజుల్లో, కూలి చేసినవాళ్లకు తిండి పెడుతూ మిషనరీ పోస్నెట్ దొర పదేళ్లు గుడి కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేశారు. ఇంతా చేసి ఈ సంఘాలు తమ ఆత్మీయ ఎదుగుదల మీద ఒక్క ఫ్లెక్సీ కూడా వేసుకోలేదు. జాలేస్తుంది.

మన కాలపు విశ్వాసం కొండలను కదిలిస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గరికొచ్చేసరికి కొండల పని పూర్తయింది కాబట్టి సెలవు తీసుకుంటుంది. 'రక్షణ పొందిన అమ్మాయి, ప్రార్థనాపరురాలు, మా కులంలోనే కావాలి' అని ఒక సంఘ పెద్ద తన కొడుకు కోసం నాతోనే అన్నాడు. యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు అని పౌలు గలతీయులకు రాశాడు కదా అంటే, 'నిజమే, ఆ రెండు కులాలు మన దగ్గర లేవు' అన్నాడు. ఈ విషయం పట్టికలో చేర్చలేదు. వరస సరిపోలేదు.

అసలు గండం లూకా సువార్త దగ్గర ఎదురైంది. 'మా విశ్వాసము వృద్ధిపొందించుము' అన్న ప్రార్థన మనది కాదు, అపొస్తలులది, లూకా పదిహేడో అధ్యాయంలోది. దాన్నే పట్టిక పైన నినాదంగా వేద్దామని ఆ పేజీ తీశాను. శిష్యులు ఏ సందర్భంలో అడిగారో అప్పుడు కనబడింది. చేతికర్ర, సంచి, రొట్టె లేకుండా ఊళ్లు తిరగమని యేసు అన్నప్పుడు మా విశ్వాసం చాలదని వాళ్లు అనలేదు. తోడేళ్ల మధ్యకు గొర్రెపిల్లల్ని పంపినట్టు పంపుతున్నానన్నప్పుడూ ఎవరూ కిక్కురుమనలేదు. మీ సహోదరుడు ఒక్క రోజులో ఏడుసార్లు మీకు తప్పు చేసి, ఏడుసార్లూ తిరిగి వచ్చి మారుమనస్సు పొందానంటే క్షమించాలి అన్నాడు. అంతే, ఆ మాట వినీ వినగానే మా విశ్వాసం పెంచమని మొరపెట్టుకున్నారు. పోనీ ఆయన పెంచాడా అంటే అదీ లేదు. ఆవగింజంత ఉన్నా కంబళిచెట్టు వేళ్లతో సహా లేచి సముద్రంలో నాటుకుంటుందన్నాడు. ఇంత చిన్న కొలతను ఏ కాంటా చూపిస్తుందండీ? మార్కు సువార్తలో జబ్బుపడ్డ కొడుకును తెచ్చిన తండ్రి మరీ అన్యాయం. 'నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము' అన్నాడు. ఒకే వాక్యంలో పాసూ ఫెయిలూ. మన దగ్గరైతే రెండో సగం అనేలోపు ఎవరో ఒకరు మైకు లాక్కునేవాళ్లు.

మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఇద్దరూ ఉపవాస కూటం తప్పరు, ఇద్దరూ దశమభాగం బాకీ పడరు. అన్న కిటికీ వైపు కూర్చుంటాడు, తమ్ముడు కూలర్ వైపు. మధ్యలో మూడు జానల గెట్టు పంచాయితీ ఉంది. పొలంలో హద్దురాయి జరిగిందని అన్న, జరగలేదని తమ్ముడు, సర్వేయరు ఇద్దరి దగ్గరా టీ తాగాడు. కంబళిచెట్టు సముద్రంలోకి పోవచ్చు గానీ ఆ రాయి అంగుళం కదలడానికి వీల్లేదు. ప్రభు భోజనం రోజున గిన్నె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి నేరుగా వెళ్లకుండా మధ్యలో ఒక పెద్దమనిషిని శాశ్వతంగా నియమించాం. బలిపీఠం ముందు అర్పణ విడిచిపెట్టి, మొదట వెళ్లి సహోదరుడితో సమాధానపడి రమ్మని మత్తయిలో ఉందని ఒక సండే స్కూలు పిల్ల గుర్తుచేసింది. కోశాధికారి గారు వెంటనే స్పందించారు. అర్పణ అక్కడ విడిచిపెట్టే భాగం అమలు చేయడానికి సంఘానికి అభ్యంతరం లేదన్నారు.

మొత్తానికి పట్టిక తయారైంది. చప్పుడు, సాక్ష్యం, ఉపవాసం, కానుక, కూటాలకు హాజరు అన్నింటికీ గడులు గీశాను. లూకా దెబ్బకు నిద్రపట్టక చివర ఒక గడి చేర్చాను: 'ఎవరితో మాట్లాడటం మానేశారు? ఎన్నాళ్లుగా?'

పెద్దల మీటింగులో కాగితం ఒక్కొక్కరి చేతికీ వెళ్లింది. పై గడుల మీద చర్చ ఉత్సాహంగా సాగింది. చివరి గడి దగ్గరికొచ్చేసరికి అందరికీ ఒకేసారి దగ్గొచ్చింది. 'గది సంఘం సంగతి కాదు తమ్మీ, ఇంటి సంగతి' అన్నాడొకాయన. కాగితం పొడుగైతే జిరాక్సు ఖర్చు పెరుగుతుందన్నాడు ఇంకొకాయన. ఆ గడి తీసేసి, ఆ జాగాలో కానుక పంపడానికి క్యూఆర్ కోడ్ పెట్టాలని తీర్మానం ప్రవేశపెట్టారు. అయ్యగారు చేతులెత్తమన్నారు. కిటికీ వైపు నుంచి అన్న చెయ్యి లేచింది, కూలర్ వైపు నుంచి తమ్ముడి చెయ్యి లేచింది. ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చినందుకు సంఘమంతా లేచి నిలబడి చప్పట్లతో దేవుణ్ణి స్తుతించింది.