విట్నీకి ముందు మూడు రాత్రులు

ఫిబ్రవరి రాగానే కాలిఫోర్నియాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మౌంట్ విట్నీ శిఖరం ఎక్కే మాట మొదలవుతుంది. ఎవరో ఒకరు దాని పర్మిట్ కోసం లాటరీలో దరఖాస్తు పెడతారు. మార్చి మధ్యలో పర్మిట్ వచ్చిందని తెలిశాక షూలు, బ్యాగులు, ఎవరి కారులో ఎవరు అన్న లెక్కలు నడుస్తాయి. ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోవాలన్న మాట మాత్రం చాలా ప్లానుల్లో కనిపించదు. విట్నీ ఎక్కగలమా లేదా అన్నది సగానికి సగం తేలేది అక్కడే.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. శుక్రవారం ఆఫీసు ముగించుకుని, రాత్రంతా కారు నడిపి, శనివారం తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, ఆదివారానికి ఇల్లు చేరే ప్లానుతో మన సంఘాలు ఎవరినీ విట్నీకి తీసుకెళ్లకూడదు. గురువారం, శుక్రవారం, సోమవారం సెలవు పెట్టడం కుదరకపోతే ఆ ఏడాదికి ఇంకో కొండ చూసుకోవడం మేలు.

ఎత్తు గురించి మనకున్న అంచనా ఊళ్లో చూసిన కొండల నుంచి వచ్చింది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరినవాళ్లు మనలో చాలామంది. ఆ ఎక్కుడుకు దాదాపు మూడింతలు విట్నీ: వెళ్లిరావడం సుమారు 22 మైళ్లు, ఎక్కాల్సింది 6,100 అడుగులకు పైనే. కానీ అసలు తేడా నడక మొదలయ్యే చోటే ఉంది. కారు ఆపే విట్నీ పోర్టల్ దాదాపు 8,360 అడుగులు, అంటే 2,550 మీటర్లు. తూర్పు కనుమల్లో ఎత్తైనదిగా చెప్పుకునే అర్మకొండ సుమారు 1,680 మీటర్లే. మన రెండు రాష్ట్రాల్లోని ఏ శిఖరం కన్నా ఎత్తైన చోట పార్కింగ్ చేసి, అక్కడి నుంచి 14,505 అడుగులకు వెళ్తున్నామన్నమాట. పైన ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో 60 శాతానికి అటూ ఇటూ ఉంటుంది.

దీనికి శరీరం చేసే మొదటి పని వేగంగా ఊపిరి తీయడం. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు మెదడు ఊపిరికి బ్రేకు వేస్తుంది, ముఖ్యంగా నిద్రలో. మూత్రపిండాలు బైకార్బనేట్‌ను బయటికి పంపి ఈ లెక్క సరిచేస్తేనే ఆ బ్రేకు వదులుతుంది. ఆ పనికి ఒకటి రెండు రోజులు పడుతుంది, జిమ్‌లో ఎంత కష్టపడినా అది త్వరపడదు. మారథాన్ పరుగెత్తేవాళ్లు కూడా పైన తల పట్టుకుని కూర్చునేది ఇందుకే. వాళ్ల కాళ్లు వాళ్లను మరీ తొందరగా పైకి చేరుస్తాయి, ఊపిరి ఇంకా కిందనే ఉంటుంది.

పూర్ణ మాలావత్ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన సంగతి మనందరం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్ కొండల్లో, లడఖ్ చలిలో గడిపిన నెలల గురించి కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి.

ఇక రాత్రుల లెక్క. గురువారం రాత్రి ఎనిమిది వేల అడుగుల దగ్గర పడుకోండి. బే ఏరియా వాళ్లు, టియోగా కనుమ దారి తెరిచి ఉంటే, అటుగా వెళ్లి మామత్ లేక్స్‌లో ఆగవచ్చు, ఆ ఊరు 7,900 అడుగుల దాకా ఉంటుంది. లాస్ ఏంజిలిస్ వాళ్లకు విట్నీ పోర్టల్ క్యాంపు సరిపోతుంది. శుక్రవారం రాత్రి హార్స్‌షూ మెడోస్‌లో. కొండ కింద ఉన్న లోన్ పైన్ ఊరి నుంచి ఘాట్ రోడ్డు మీద కారులోనే వెళ్లవచ్చు, ఎత్తు దాదాపు పది వేల అడుగులు. శనివారం ఉదయం కాటన్‌వుడ్ లేక్స్ వైపు రెండు మూడు గంటలు, మాట్లాడుకుంటూ నడవగలిగేంత నెమ్మదిగా నడిచి, మధ్యాహ్నానికి పోర్టల్‌కు దిగండి. సాయంత్రం ఆరింటికి భోజనం, ఏడింటికి పడక. శనివారం అర్ధరాత్రి దాటాక, అంటే ఆదివారం తెల్లవారకముందు ఒంటిగంటకు నడక. లోన్ పైన్ ఊళ్లో హోటల్ సుఖంగా ఉంటుంది కానీ అది 3,700 అడుగుల చోటు, అక్కడ ఎన్ని రాత్రులు పడుకున్నా ఎత్తుకు అలవాటు పడరు.

డయామాక్స్ అనే పేరుతో దొరికే అసెటజోలమైడ్ మూత్రపిండాలు చేసే పనినే తొందరపెడుతుంది. పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చే మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎత్తుకు బయల్దేరే ముందురోజు నుంచి. డాక్టరును అడగకుండా స్నేహితుడి సీసాలోంచి తీసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. వేళ్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. ఇవి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

మందు కన్నా ముఖ్యమైనది నోరు విప్పడం. మనవాళ్లలో ఒక అలవాటు ఉంది: పదిమంది సెలవు పెట్టి వచ్చారు, నా వల్ల అందరూ వెనక్కి తిరగాలా అని తలనొప్పి దాచుకోవడం. నామోషీ అనుకుంటారు, నవ్వుతూ నడుస్తారు. తలనొప్పికి తోడు వికారం గానీ, తూలు గానీ, మామూలు కాని నీరసం గానీ ఉంటే అది కొండజబ్బే అనుకుని అక్కడే ఆగాలి. గంటలో తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు ఆగకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అర్థం. మాట తడబడినా, చదునైన నేల మీద మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు తిన్నగా వేయలేకపోయినా మెదడు వాస్తోందని అర్థం. ఈ రెండింటికీ మందు ఒక్కటే, వెంటనే దిగడం, పక్కన ఒక మనిషిని పెట్టుకుని. ప్రతి విరామంలో పెద్దవాళ్లు చిన్నవాళ్లను, చిన్నవాళ్లు పెద్దవాళ్లను పేరుపెట్టో వరసపెట్టో పిలిచి 'తల ఎలా ఉంది?' అని అడిగే పద్ధతి పెట్టుకోండి. 'బావున్నారా' అని అడిగితే బావున్నామనే అంటారు.

పది పదిహేను మంది ఒకే గుంపుగా నడిస్తే అందరూ అలిసిపోతారు. నెమ్మదిగా నడిచేవాళ్ల కోసం వేగంగా నడిచేవాళ్లు చలిలో నిలబడి వణుకుతారు. నెమ్మదిగా నడిచేవాళ్లు అది చూసి తమ శక్తికి మించి నడుస్తారు. నలుగురేసి చొప్పున జట్లు చేయండి. ప్రతి జట్టుకూ సొంత నీళ్ల ఫిల్టరు, మందుల సంచి, శాటిలైట్ మెసెంజర్ ఉండాలి. మిగతా జట్లను అడగకుండా వెనక్కి తిరిగే హక్కు కూడా ఉండాలి. జట్టులో ఎవరినీ ఒంటరిగా కిందికి పంపకూడదు. సాయానికి వచ్చే ఇన్యో కౌంటీ రెస్క్యూ దళంలో ఉన్నది స్వచ్ఛంద సేవకులు. వాళ్లను పిలవాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం మన బాధ్యత.

తిరుగుముఖం పట్టే సమయాన్ని ఇంట్లో ఉండగానే కాగితం మీద రాసుకోండి. ఒంటిగంటకు మొదలుపెట్టిన మామూలు జట్టు 2.8 మైళ్ల దగ్గరున్న లోన్ పైన్ లేక్ మలుపుకు మూడింటికల్లా, పన్నెండు వేల అడుగుల ట్రెయిల్ క్యాంపుకు ఆరున్నరకల్లా చేరుతుంది. అక్కడి నుంచి 97 మలుపులు ఎక్కితే 13,600 అడుగులు దాటిన ట్రెయిల్ క్రెస్ట్, దానికి ఇంకో మూడు గంటలు. శిఖరం చేరేసరికి పదకొండు దాటుతుంది. ట్రెయిల్ క్యాంపు ఏడింటికి, ట్రెయిల్ క్రెస్ట్ పదింటికి దాటలేకపోతే అక్కడితో ఆపాలి. ఎక్కడున్నా సరే, మధ్యాహ్నం పన్నెండుకు వెనక్కి తిరగాలి. పైన ఆలోచన మందగిస్తుంది, శిఖరం కళ్ల ముందే ఉంటుంది, 'ఇంకో అరగంటే' అనిపిస్తుంది. ఆ అరగంట రెండు గంటలవుతుంది.

ట్రెయిల్ క్రెస్ట్ దగ్గర ఒక చిక్కుంది. అక్కడ దారి కొండకు పడమటి వైపు, సెకోయా నేషనల్ పార్కులోకి మళ్లి, జాన్ మ్యూయర్ ట్రెయిల్‌ను కలిసేదాకా కాస్త కిందికి దిగుతుంది. వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు, అన్ని గంటలు నడిచాక, ఆ దిగినదంతా మళ్లీ ఎక్కాలి. శిఖరం మీద శక్తంతా ఖర్చు చేసినవాళ్లు కూలబడేది ఇక్కడే. పైగా క్రెస్ట్ నుంచి శిఖరం దాకా ఉన్న రెండున్నర మైళ్లలో పిడుగు పడితే తలదాచుకునే చోటు లేదు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మామూలే. క్రెస్ట్ నుంచి చూసినప్పుడు మబ్బులు పైకి పొంగుతూ అడుగు నల్లబడుతుంటే అక్కణ్ణుంచే తిరిగి రండి. శిఖరం మీద స్మిత్‌సోనియన్ సంస్థ 1909లో కట్టించిన రాతి గది ఉంది. దాని పైకప్పు రేకుది, పిడుగు నుంచి అది కాపాడదు. రాయి కదా అని నమ్మి లోపలికి దూరవద్దు.

నీళ్లకు ట్రెయిల్ క్యాంపే ఆఖరి నమ్మకమైన చోటు. అక్కడి నుంచి శిఖరానికి వెళ్లి మళ్లీ అక్కడికి రావడానికి తొమ్మిది పది మైళ్లు, చుక్క దొరకదు. మనిషికి మూడు లీటర్లు నింపుకోవాలి. తెల్లవారుజామున బ్యాగులోంచి వచ్చే గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి, అందుకే ఒక లీటరైనా మామూలు సీసాలో ఉండాలి. గొట్టపు ఫిల్టరు ఒకసారి గడ్డకడితే లోపలి సన్నటి దారాలు చిట్లుతాయి. పైకి చూడ్డానికి బాగానే ఉంటుంది, క్రిములను మాత్రం ఆపదు. రాత్రి దాన్ని జేబులో పెట్టుకుని పడుకోండి.

తిండి విషయంలో మన వంటింటినే నమ్ముకోవచ్చు, కొంచెం ఎంపికతో. పులిహోర మొదటి నాలుగు గంటలకు బాగుంటుంది. తర్వాత చలికి మెతుకు బిరుసెక్కి గొంతు దిగదు. ఎత్తులో ఆకలి చస్తుంది, తీపి వెగటు పుడుతుంది, ఉప్పూ పులుపూ మాత్రం నోటికి రుచిస్తాయి. జంతికలు, చెక్కలు, వేయించిన పల్లీలు, ఖర్జూరాలు, ఆవకాయ రాసి చుట్టిన చపాతీ ముక్కలు తీసుకెళ్లండి. పల్లీ చిక్కీ మంచిదే కానీ చలికి రాయవుతుంది. వేలెడంత ముక్కలుగా ఇంట్లోనే కొట్టి, జాకెట్టు లోపలి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి పంటికి లొంగేలా ఉంటుంది. గంటకు రెండు వందల క్యాలరీలు, అంటే గుప్పెడు పల్లీలకు రెండు ఖర్జూరాలు, ఆకలి వేసినా వేయకపోయినా తినాలి. ట్రెయిల్ క్యాంపులో సంచి కింద పెట్టి ఫొటోలకు వెళ్తే మార్మట్లు (ఉడుత జాతి కొండ జంతువులు) గుడ్డ కొరికి లోపలికి దూరతాయి. పోర్టల్‌లో కారులో తిండి వదిలితే ఎలుగుబంట్లు తలుపులు పీకుతాయి, అక్కడి ఇనుప పెట్టెల్లో పెట్టాలి.

మంచు నడక నేర్చుకోనివాళ్లు జూలై మధ్యకు ముందు వెళ్లకూడదని మా గట్టి మాట. మంచు ఎక్కువ పడిన ఏడాది ఆ 97 మలుపులు మంచు కిందే ఉండిపోతాయి, జనం పక్కనున్న నిటారు వాలు మీద క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప పళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి)తో ఎక్కుతారు. దిగేటప్పుడు సరదాగా కూర్చుని జారితే క్రాంపాను పళ్లు మంచులో దిగబడి చీలమండ విరుగుతుంది. దారి తేలాక కూడా ఇనుప తాళ్లు కట్టిన మలుపు దగ్గర నీడలో పారదర్శకమైన మంచు పొర మిగిలి ఉంటుంది. షూలకు తగిలించే చిన్న ముళ్ల పట్టీలు జూలైలోనూ సంచిలో ఉండనివ్వండి.

పర్మిట్ సంగతి క్లుప్తంగా. మే 1 నుంచి నవంబర్ 1 దాకా రోజుకు వంద మందికి ఒక్కరోజు నడక పర్మిట్లు, అరవై మందికి రాత్రి బస పర్మిట్లు ఇస్తారు. లాటరీ ఫిబ్రవరి 1 నుంచి మార్చి 1 వరకు. పదిహేను మందికి శనివారం అడిగేకన్నా నలుగురికి మంగళవారం అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. నాయకుడు రాలేకపోతే పర్మిట్ వృథా కాకుండా ప్రత్యామ్నాయ నాయకుల పేర్లు దరఖాస్తులోనే రాయండి. దొడ్డికి వెళ్తే దాన్ని సంచిలో కట్టి కిందికి మోసుకురావడం అక్కడి నియమం. బిడియపడి రాళ్ల సందున వదిలితే, కింద మనం తాగడానికి నింపుకునే చెరువులోకే అది చేరుతుంది.

పర్మిట్ లేకుండా లోన్ పైన్ లేక్ దాకా వెళ్లిరావచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్లో రోజూ నడిచే అలవాటుండి, గుండె డాక్టరు సరేనన్నవాళ్లకు, పదేళ్లు దాటిన పిల్లలకు ఆ ఐదున్నర మైళ్లు మంచి రోజు. సంఘం తరఫున పెద్ద కార్యక్రమం చేయాలనుకుంటే అదే చేయాలి, ఆ పదివేల అడుగుల చెరువు గట్టు మీద అందరూ కలిసి అన్నం తినవచ్చు.

శిఖరం ఎక్కి దిగిన జట్టు సాయంత్రం ఆరు, ఏడింటికి పోర్టల్ చేరుతుంది. పదిహేడు గంటలు మేలుకుని నడిచిన మనిషి ఆ రాత్రి హైవే మీద కారు నడపకూడదు. లోన్ పైన్‌లో ఆదివారం రాత్రికి గదులు పర్మిట్ వచ్చిన రోజే తీసి పెట్టుకోండి, వేసవిలో తర్వాత దొరకవు. పైకి రాకుండా ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే, పోర్టల్ నుంచి ఊళ్లోకి దిగే ఆ పదమూడు మైళ్ల ఘాట్ రోడ్డు మీద కారు తాళాలు వాళ్ల చేతికివ్వండి.