వైవానా, పెళ్లి పనులా?

థీసిస్ బాగా చదువుకుంటే పీహెచ్‌డీ వైవా, అంటే ఆ థీసిస్ మీద పెట్టే మౌఖిక పరీక్ష, గట్టెక్కేస్తామనుకునేవాళ్లు అమాయకులు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చిన ఆరు నెలల్లో వైవా ఫలితంతో సహా అంతా తేలిపోవాలి. కాగితం మీద మాట అది! ఎగ్జామినర్ల రిపోర్టులు ఏ బీరువాలో నిద్రపోతున్నాయో కనుక్కోడానికే నా చెప్పులరిగాయి. "ఆ సెక్షన్ మేడమ్ లీవండీ, సోమవారం రండి." ఏ సోమవారమో చెప్పరు.

తీరా తేదీ ఖరారయ్యాక అసలు కథ మొదలు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్, అదే ఎక్స్‌టర్నల్ గారికి గెస్ట్‌హౌస్, స్టేషన్‌కి కారు, శాలువా, బొకే. వచ్చినవాళ్లందరికీ సమోసాలు, టీలు, ఆపైన భోజనాలు. ఆడపిల్ల పెళ్లి చేసినంత హడావుడి! ఫెలోషిప్ ఆగిపోయినవాళ్లు ఈ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి? అడిగేవాళ్లు లేరు, ఇదో ఆనవాయితీ అంతే. ముందురోజు రాత్రి మెథడాలజీ చాప్టర్ ఒక్కసారి తిరగేద్దామని కూర్చున్నానో లేదో, "సార్‌కి షుగరమ్మా, స్వీట్ మార్చు" అని గైడ్ గారి ఫోన్.

ఇంతా చేస్తే ఎక్స్‌టర్నల్ గారి మొదటి ప్రశ్న: "ఈ టాపిక్కే ఎందుకు తీసుకున్నావమ్మా?" రెండోది, గ్రంథసూచిలో ఓ చోట కామా ఎందుకు లేదని. మూడోది లేదు, ఆయన రైలుకి టైమైంది.