కొల్లేటి నీటికి దారేది?

వానాకాలం వస్తోందంటే కొల్లేటి లంక గ్రామాల్లో టెన్షన్ మొదలవుతుంది. ఎగువన కురిసిన వాన తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు పట్టుకుని అక్కడికే చేరుతుంది. చుట్టుపక్కల డ్రెయిన్లదీ అదే దారి. వచ్చిన నీరంతా సముద్రంలోకి పోవాలంటే ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కెమెరాలన్నీ నగరంలోనే ఉన్నాయి. ఆ నీరు తర్వాత ఎవరి మీదికి పోయిందో లంకల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ పల్లం కొల్లేరు. 5 అడుగుల కాంటూరు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వ పొక్లెయిన్లు దిగి అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. 2008లో కాంటూరును 3 అడుగులకు కుదించాలని శాసనసభే తీర్మానించింది. రెండేళ్లకే మనసు మారితే గట్లు మళ్లీ లేవడంలో వింతేముంది?

అభయారణ్యంలో జిరాయితీ పట్టా ఇరుక్కుపోయిన రైతు గోడు నిజమైనదే. ఇటు పరిహారమూ లేదు, అటు సాగూ లేదు. ఆ లెక్క తేల్చాల్సిందే. కానీ ఆయన్ని ముందు నిలబెట్టి వెనక బినామీ చెరువులు తవ్వేవాళ్ల మాటేమిటి? చేపలు పట్టే మావులు, వలలు, తాటి దోనెలతో బతికిన కుటుంబాలవాళ్లు ఆ గట్ల మీదే కూలికి కుదిరితే, కాంటూరు 5 అయినా 3 అయినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రంలో పడవెక్కి గూడబాతులకు ఫొటోలు తీసి మురిసిపోతాం. అవి గూళ్లు పెట్టుకున్నది చాలాచోట్ల అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద. చెట్లేమయ్యాయని అడిగేవాళ్లు తక్కువ.

కాంటూరు సంగతి కోర్టులు, కమిటీలు చూస్తున్నాయి, చూడనివ్వండి. ఉప్పుటేరులో పూడిక తీయడానికి ఏ కాంటూరూ అడ్డం కాదు. ఏటిని ఇరుకు చేసిన ఆక్రమణలు తొలగించడానికీ, గుర్రపుడెక్క ఎత్తించడానికీ కొత్త జీవో అక్కర్లేదు. వేసవిలో పోటుకు ఎగదన్నే ఉప్పునీటిని ఆపే రెగ్యులేటర్ల మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. వాటికి నిధులు ఎప్పుడిస్తారో, పని ఎప్పుడు మొదలవుతుందో ప్రభుత్వం తేదీలతో సహా చెప్పాలి. పూడిక పని మాత్రం ఈ వేసవిలోనే, తొలకరికి ముందే అయిపోవాలి.